రాణిగారికి తలంటు

శ్రావణమాసం దగ్గరికొచ్చింది. వరలక్ష్మీ వ్రతం నాడు కలశం దగ్గర పెట్టే వెండి రూపాయిలు ఎక్కడ దాచామా అని ఇల్లంతా వెతుక్కునే రోజులివి. అవి ఎప్పుడూ ట్రంకుపెట్టె అడుగునే ఉంటాయి, పాత పట్టుపంచె ముక్కలో మూటకట్టి. మూట విప్పగానే ప్రతి ఇంట్లోనూ వినపడే మాట ఒకటే: "అయ్యో, ఎంత నల్లబడిపోయాయో!" ఆ తర్వాత ఏం చెయ్యాలో చెప్పేవాళ్లే కరువయ్యారు. తెలిసినవాళ్లని ఎవరిని కదిపినా "ముట్టుకోకండి, అలాగే ఉంచండి" అంటారు. అలాగే ఉంచడానికి మనం దేనికి, ట్రంకుపెట్టె చాలదూ?

నేను ముప్పై ఏళ్లుగా నాణేలు తోముతున్నాను. నా చేతికొచ్చిన నాణెం ఏదీ వచ్చిన మొహంతో తిరిగి వెళ్లలేదు. ఈ విద్య నాతోనే పోకూడదని నాలుగు చిట్కాలు రాస్తున్నాను.

మొదట మనసులో నాటుకోవలసింది: నలుపంటే మురికి. మా అక్క కొడుకు ఒకడున్నాడు. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ, పైగా నాణేల పిచ్చి. పిచ్చి నా పోలికే గాని వాదన ఎవరి పోలికో తెలీదు. "మామయ్యా, అది ఎక్కడినుంచో వచ్చి పడిన మురికి కాదు. గాలిలో ఉండే గంధకంతో నాణెంలోని వెండే కలిసి అలా నల్లబడింది. దాన్ని గీకితే వెండిని గీకినట్టే" అంటాడు. మరి అన్నం గిన్నె మాడితే, మాడు కూడా అన్నమే కదా అని తోమకుండా వదిలేస్తామా అని అడిగాను. వాడి దగ్గర జవాబు లేదు. తల పట్టుకున్నాడు.

రాగితో మొదలుపెట్టండి, చేయి కుదురుతుంది. మా ఇంట్లో చిల్లు కాణీలు ఓ డజను ఉండేవి. యుద్ధకాలంలో, 1943లో మొదలుపెట్టి 1947 దాకా కొట్టినవి, లోహం ఆదా అవుతుందని నడుమ చిల్లు పెట్టినవి. అన్నీ కాఫీ గింజ రంగులో ఉండేవి. పిడికెడు చింతపండు నానేసి, చారెడు ఉప్పు కలిపి, అందులో వేసి నలిచాను. ఐదు నిమిషాల్లో ఎనభై ఏళ్ల రంగు దిగిపోయింది. అప్పుడే పుట్టిన ఎలకపిల్లల్లా గులాబీ రంగులో తేలాయి. ఆ గులాబీ ఏ టంకశాల నుంచీ రాలేదని మేనల్లుడు సణిగాడు. నిజమే, అది పూర్తిగా మన సొంత రంగు. చిల్లులోకి వేలు పోదు కాబట్టి నులకతాడు ముక్కకు బూడిద రాసి, అటూ ఇటూ లాగాలి. నాలుగు కాణీలకు ఇలా లాగాక చిల్లు కాస్త పెద్దదైంది కూడా. ఇంకా ఆదా.

ఉప్పు మాత్రం మానొద్దు. కడిగేటప్పుడు మరీ ఎక్కువసార్లు కడగొద్దు, కొంచెం ఉప్పు అక్షరాల సందుల్లో మిగలాలి. వానాకాలం తేమ తగిలేసరికి అక్కడక్కడా లేతాకుపచ్చ పొడి పుడుతుంది. తుడిస్తే పోయి మళ్లీ వస్తుంది. దీన్ని కంచు జబ్బు అంటారట. ఉప్పులోని క్లోరైడు రాగిని పట్టుకుంటుందట, తేమ తగలగానే ఆమ్లం పుడుతుందట, ఆ ఆమ్లం మళ్లీ రాగినే తింటుందట, ఇలా లోపలికంటా తొలుస్తూ పోతుందట. పక్కనున్న నాణేలను వేరుచేయమని మేనల్లుడి గొడవ. నాకైతే ముచ్చటేసింది. ఎవరింట్లోనైనా కాణీలు చిగురించడం చూశారా?

ఇక వెండి. ఇక్కడ నాకు పేరు తెచ్చిపెట్టిన పని ఒకటి చెప్పాలి. మా నాయనమ్మ ఇచ్చిన విక్టోరియా రాణి రూపాయి, 1862 అని ఉంటుంది. నూట ఎనభై గ్రెయిన్ల బరువు, అంటే పదకొండు గ్రాములన్నర పైమాట, నూటికి తొంభై ఒకటిన్నర పాళ్లకు పైగా వెండి. నాయనమ్మ దాన్ని ఖర్చుపెట్టలేదు, ఎవరికీ చూపించలేదు, చీర మడతలో పెట్టి మరిచిపోయింది. నా చేతికి వచ్చేసరికి అంచుల వెంబడి నీలం, ఆ లోపల కొంచెం ఊదా, రాణిగారి చెంప దగ్గర తేనెరంగు. నెమలిఈక తడిసి ఆరినట్టుంది. మేనల్లుడు దాన్ని అంచులతో పట్టుకుని దీపం కింద మెల్లగా వంచాడు. నాణెం మధ్యలోంచి అంచులకు, బండిచక్రం ఆకుల్లాగా, వెలుగు గీతలు గిరగిరా తిరిగాయి. అచ్చు పడ్డప్పుడు లోహం మధ్యనుంచి బయటికి జరుగుతుందట, ఆ జరుగుడుకు కంటికి ఆనని చాళ్లు పడతాయట, ఆ చాళ్ల మీద ఆడేదే ఈ వెలుగట. "ఇది టంకశాలలో ఒక్కసారే పుడుతుంది మామయ్యా. పోతే మళ్లీ ఎవరూ తేలేరు" అన్నాడు. గొంతు వణికింది కూడా.

వాడు ఊరెళ్లిన రోజే టూత్‌పేస్టు తీశాను.

పద్ధతి చెబుతాను, రాసుకోండి. పేస్టు తెల్లదే కావాలి. బ్రష్షు గట్టిది, పాతది. పంటి మీది ఎనామెల్ గట్టితనం ముందు వెండి వెన్నముద్ద. అంత గట్టి పంటిని తోమడానికి తయారుచేసిన పేస్టు వెండి మీద ఎంత బాగా పనిచేస్తుందో మీరే ఊహించుకోండి. ముందు గుండ్రంగా, తర్వాత అడ్డంగా, ఆ తర్వాత నిలువుగా తోమాలి. రాణిగారి జడ అల్లిక సందుల్లో పేస్టు ఇరుక్కుంటే గుండుసూదితో తీయాలి. నీలం పోయింది, ఊదా పోయింది, తేనె పోయింది. చివరికి నాణెం స్టీలు చెంచా అంత తెల్లగా వచ్చింది. దీపం కింద వంచి చూశాను. బండిచక్రం లేదు గాని వెంట్రుక మందాన వందల గీతలు, అన్నీ నా బ్రష్షు తిరిగిన దారిలోనే. చిత్రకారుడు తన బొమ్మ మూల సంతకం చేస్తాడు. నేను రాణిగారి మొహం నిండా చేశాను.

1862 అని ఉన్న రూపాయిలన్నీ 1862లో కొట్టినవి కావు. ఆ తర్వాత పదేళ్లు దాటినా అదే సంవత్సరం వేసి కొట్టారు. బొంబాయి టంకశాలవాళ్లు ఏ ఏటిదో గుర్తుగా తేదీకి పైనా కిందా బుల్లి చుక్కలు పెట్టేవారట. సేకరించేవాళ్లు భూతద్దం పెట్టుకుని ఆ చుక్కలు లెక్కపెడతారు, ఒక్క చుక్క తేడాకు ధర ఎక్కడికో పోతుంది. మేనల్లుడు తిరిగొచ్చి భూతద్దం తీసి చాలాసేపు చూశాడు. "చుక్కలేవి?" అన్నాడు. మురికిలో పోయుంటాయి అన్నాను. ఆ రాత్రి వాడు భోజనం చేయలేదు. ఎమ్మెస్సీ చదివినవాళ్లు అన్నం తక్కువ తింటారు.

నా తోముడు వల్ల ఒక మతపరమైన వివాదం కూడా సమసిపోయిందని చెబితే గొప్పలకు పోతున్నానంటారు. అయినా చెబుతాను. 1911లో అయిదో జార్జి రూపాయి వచ్చింది. చక్రవర్తి అంగీ మీద హారంలో చిన్న ఏనుగు బొమ్మ ఉంటుంది. చెక్కినవాడు తొండం పొట్టిగా చెక్కాడు. అది ఏనుగు కాదు, పంది అని జనం గోల పెట్టారు. ప్రభుత్వం ఆ రూపాయిలను వెనక్కి తెప్పించింది, చాలావరకు కరిగించింది, మరుసటి ఏడాది తొండం సరిచేసి కొత్తవి కొట్టింది. పంది రూపాయి అని దానికి ఇప్పుడు మంచి గిరాకీ. నా దగ్గర ఒకటి ఉండేది. ఇత్తడి తోమే పొడితో రెండు ఆదివారాలు రుద్దాను. ఇప్పుడక్కడ పందీ లేదు, ఏనుగూ లేదు. ఏ మతంవాడైనా నిర్భయంగా జేబులో వేసుకోవచ్చు.

మా అత్తగారిది హనుమకొండ. ఆవిడ దగ్గర నిజాం రూపాయిలు, అంటే హాలీ సిక్కాలు ఉండేవి. ఇంగ్లీషువాడి రూపాయిని అక్కడ కల్దారు అనేవారు. ఏడు హాలీలకు ఆరు కల్దార్లు మారకం. హాలీలో నూటికి ఎనభై రెండు పాళ్లే వెండి, బరువూ కాస్త తక్కువ, లెక్క సరిగ్గా అక్కడికే వస్తుంది. హాలీ మీద చార్మినారు ఉంటుంది. దాని గుమ్మంలో ఒక చిన్న ఉర్దూ అక్షరం ఉంటుంది. 'మీమ్' ఉంటే మహబూబ్ అలీఖాన్‌ది, 'ఐన్' ఉంటే ఉస్మాన్ అలీఖాన్‌ది. ఏ నిజామో చెప్పేది గుమ్మంలో నిలబడ్డ ఆ అక్షరమే.

వీటికి అల్యూమినియం రేకు పద్ధతి వాడాను. గిన్నెలో రేకు పరిచి, నాణేలు దానికి తగిలేలా పెట్టి, వంటసోడా వేసి, మరిగే నీళ్లు పొయ్యాలి. కుళ్లిన కోడిగుడ్డు కంపు వస్తుంది. నాణెం నల్లబడటానికి కారణమైన గంధకం ఇలా వెళ్లిపోతుందన్నమాట. రుద్దే పనే లేదు కాబట్టి ఇది పెద్దమనుషుల పద్ధతి. నాణేలు తెల్లబడ్డాయి, నిజమే. కాకపోతే గోడకు సున్నం వేసినట్టు, వెలుగు తగిలితే తాగేసే తెలుపు. అది నాకు నచ్చక మళ్లీ టూత్‌పేస్టు తీశాను. అత్తగారి చార్మినార్లలో మీమ్ ఏదో ఐన్ ఏదో ఇప్పుడు తేలదు. ఏ నిజామైతేనేం, గుమ్మం ఖాళీగా, ఊడ్చినట్టుంది.

అసలు విషయానికి వస్తున్నాను. ఈ మధ్య చదువుకున్న సేకర్తలంతా సాల్వెంట్ల మాట ఎత్తుతున్నారు. అందులో చిక్కేమిటంటే, పుస్తకాల్లో దీన్ని తెలుగులో ద్రావకం అంటారు. మా వీధి కంసాలిని అడిగితే ద్రావకం అంటే ఇంకోటి, బంగారం వన్నె చూడటానికి వాడే నత్రికామ్లం. పేరొకటే అయినప్పుడు సరుకొకటే అవ్వాలి గదా. సీసాలో కొంచెం అడిగి తెచ్చుకుని, ఏడో ఎడ్వర్డు కాలపు వెండి బేడ నాణెం ఒకటి అందులో వేశాను. బుసబుసమని ఎర్రటి పొగ వచ్చింది, దగ్గు వచ్చింది, బయటికి వచ్చాను. సాయంత్రం చూస్తే గాజు గ్లాసులో లేత నీలం నీళ్లున్నాయి. బేడ లేదు. మురికి ఎంత లోతుకు దిగిపోయి ఉంటుందో దీన్నిబట్టి గ్రహించండి.

మేనల్లుడి ద్రావకం అసిటోన్. దాని గురించి వాడు చెప్పేది వింటే మీకు నిద్ర వస్తుంది, అయినా న్యాయంగా రెండు మాటలు రాస్తాను. అసిటోన్ వెండి జోలికి పోదట. పైనున్న నూనె, జిగురు, పాత టేపు మరక, వార్నిషు, వీటినే కరిగిస్తుందట. ముఖ్యంగా చవక ఆల్బముల్లో ఉండే పీవీసీ అరలు. వాటిని మెత్తగా ఉంచడానికి కలిపిన మందు ఏళ్లు గడిచేకొద్దీ చెమ్మగా బయటికొచ్చి, నాణెం మీద ఆకుపచ్చ జిగురులా పేరుకుంటుంది. అలాగే వదిలేస్తే లోహాన్ని తింటుంది. దాన్ని తీయాలంటే గాజు గిన్నెలో శుద్ధమైన అసిటోన్ పోసి నాణెం కాసేపు ఉంచాలట. తీసి మరో గిన్నెలో కొత్త అసిటోన్‌తో కడగాలట. రుద్దకూడదట, గుడ్డతో తుడవకూడదట, దానంతటదే ఆరాలట. కిటికీలు తెరవాలట, దరిదాపుల్లో నిప్పు ఉండకూడదట. ఇన్ని చేశాక నాణెం ఎలా ఉంటుంది? ముందున్నట్టే ఉంటుంది! నలుపు నలుపుగానే, జిగురు మాత్రం పోయి. నలుపు పోనిదానికి అది స్నానమెలా అవుతుంది?

అందుకే దాన్ని నా పద్ధతిలో సవరించాను. శుద్ధమైన అసిటోన్ కోసం లాబొరేటరీ సరుకులమ్మే దుకాణానికి ఎవరు పోతారు? మా అమ్మాయి గోళ్లరంగు తుడుచుకునే సీసాలో ఉండేదీ అదే. పైగా అందులో గులాబీ రంగు, సువాసన, గోళ్లు పొడిబారకుండా నూనె కూడా కలుపుతారు. ఒక ఖర్చుతో నాలుగు లాభాలు. గాజు గిన్నె పగిలిపోతుందని, పెళ్లిలో మిగిలిన వాడిపారేసే ప్లాస్టిక్ గ్లాసు తీసుకున్నాను. దేవుడి గది అయితే ప్రశాంతంగా ఉంటుందని అక్కడే కూర్చున్నాను.

గ్లాసులో పోశాను, ఆరో జార్జి రూపాయి వేశాను. రెండు నిమిషాలకు గ్లాసు అడుగు మెత్తబడి, పీటకు అతుక్కుని, చక్రవర్తి మొహం మీద పెసరట్టు పిండిలా పరుచుకుంది. గోకుదామని వంగాను. దీపారాధన కుంది జానెడు దూరంలో ఉంది. అసిటోన్ గడ్డకట్టే చలిలో కూడా అంటుకునే ఆవిరినిస్తుందని మేనల్లుడు అంతకుముందే చెప్పాడు. నేను హైదరాబాదు వేసవి గురించే ఆలోచించాను గాని, దీపం గురించి ఆలోచించలేదు. కనుబొమ్మలు మూడు నెలల్లో మళ్లీ వచ్చాయి. ఆరో జార్జికి మాత్రం ప్లాస్టిక్ తొడుగు శాశ్వతంగా ఉండిపోయింది. ఇక నల్లబడే భయం లేదు.

థిన్నరు, కిరోసిన్, పెట్రోలు గురించి ఉత్తరాలు రాసి అడగొద్దు. ఏది దొరికితే అది. కడిగాక మాత్రం పాత బనియన్‌తో గట్టిగా ఒత్తి తుడవండి. నీటి చుక్క మరక పడకుండా ఉంటుంది, గీతలు కూడా నిండుగా వస్తాయి. పట్టుకునేటప్పుడు అంచులతో పట్టుకోమంటారు. అంచు జారుతుంది. బొటనవేలు రాణిగారి నుదుటి మీద ఆనించి పట్టుకోండి. ఆవకాయ కలుపుకున్న చేయి అయితే పట్టు ఇంకా బాగా కుదురుతుంది. నెల తిరక్కుండా ఆ వేలిముద్ర గోధుమరంగులో వెండిలోకి దిగుతుంది. పోలీసులకు కూడా పనికొస్తుంది.

పొలం దున్నుతుంటే లంకెబిందె బయటపడిందనుకోండి. అదృష్టం అందరికీ రాదు, వచ్చినప్పుడు ఆలస్యం చేయకూడదు. 1878 నాటి చట్టం ఒకటుంది. భూమిలో దొరికినదాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలి. తెలియజేస్తే ఆయన బిందెతో సహా, మట్టితో సహా అడుగుతాడు. పురావస్తు శాఖవాళ్లొచ్చి ఏ నాణెం పక్కన ఏది ఉంది, బిందె ఏ రకం, ఎంత లోతులో ఉంది అని రాసుకుంటారు. అంత మట్టి చూస్తే నాకు చేతులు దురద పుడతాయి. గోదావరి ఒడ్డున కోటిలింగాలలో సాతవాహనుల సీసం నాణేలు దొరికాయి. ఆ వంశానికి మొదటివాడంటారే, ఆ చిముకుడి పేరున్నవి కూడా. పురాణాల్లో ఒక పేరుగా ఉన్న మనిషి నిజంగా ఉన్నాడనడానికి ఆ నాలుగు అక్షరాలూ ఒక సాక్ష్యమని చరిత్రకారులు మురిసిపోతారు. అవి నా చేతికి రాలేదు, అదొక వెలితి. వస్తే వెనిగర్‌లో వేద్దును. సీసాన్ని వెనిగర్ మెల్లగా తెల్లటి ఉప్పుగా మార్చేస్తుంది. ఆ ఉప్పు తియ్యగా ఉంటుందని, విషమని అంటారు, నాలుక మీద వేసుకోకండి. వెనిగర్ లేకపోతే చెక్కపెట్టెలో పెట్టి మూత బిగించినా చాలు. చెక్కలోంచి వచ్చే పులుపు ఆవిరే నిదానంగా ఆ పని చేసిపెడుతుంది.

ఇంత కష్టపడ్డాక నాలుగు డబ్బులు కళ్లచూడాలి కదా. సంచీలో వేసుకుని, నగరంలో పాత నాణేలు కొనే ఒకాయన దగ్గరికి వెళ్లాను. బల్ల మీద గలగలా పోశాను. అంత తెలుపు ఆయన ఎప్పుడూ చూసి ఉండడు, రెండు చేతులూ కళ్లకు అడ్డం పెట్టుకున్నాడు. రాణిగారి రూపాయిని భూతద్దంతో చూసి, "ఇది తోమక ముందు ఫోటో ఏమైనా ఉందా సార్?" అని అడిగాడు. లేదన్నాను. "మంచిదే. ఉంటే నాకు నిద్ర పట్టదు" అన్నాడు. తర్వాత కాటా తీశాడు. నాణేల దుకాణంలో కాటా ఎందుకో అప్పుడు నాకు తెలియదు. అన్నిటినీ ఒకే పళ్లెంలో పోసి, ఆ రోజు వెండి రేటు చూసి, లెక్కకట్టి ఇచ్చాడు. హాలీని, కల్దారుని, పందిని, రాణిని ఒక్కలా చూసే అంత సమదృష్టి ఈ రోజుల్లో ఎక్కడుంది? ప్లాస్టిక్ తొడుగున్న ఆరో జార్జిని మాత్రం వెనక్కి ఇచ్చేశాడు. 1940 నుంచి కొట్టిన వెండి రూపాయిల్లో సగమే వెండి, దానికి ప్లాస్టిక్ బరువు కలిపి తూచలేనన్నాడు.

ఆ డబ్బుతో ఇంకో మూడు సీసాలు కొన్నాను.

మేనల్లుడు పోయిన వారం బెంగళూరు వెళ్తూ తన వస్తువులు కొన్ని మా ఇంట్లో ఉంచాడు. బీరువాకు తాళం వేసి, తాళంచెవి మా ఆవిడకు ఇచ్చి, నావైపు చూడకుండా వెళ్లాడు. మా ఆవిడ తాళంచెవులు పోపులపెట్టెలో పెడుతుందని వాడికి తెలీదు. తెరిచి చూశాను. గట్టి గాజులాంటి ప్లాస్టిక్ పెట్టెలో, నాలుగు వైపులా సీలువేసి, ఒకే ఒక్క రూపాయి. 1939, ఆరో జార్జి. ఆ ఏటి రూపాయి దొరకడమే అరుదని వాడు చెబుతుండేవాడు, జీతం కూడబెట్టుకుని కొన్నాడు. పెట్టె మీద చీటీలో గ్రేడు, నంబరు ఏవో ఉన్నాయి. లోపల నాణెం మాత్రం అంచుల వెంబడి నీలం, ఆ లోపల కొంచెం ఊదా, చెంప దగ్గర తేనెరంగు. పాపం, దానికి స్నానం చేయించే దారి లేకుండా ఎవరో బంధించేశారు.

చింతపండు నానేశాను. టూత్‌పేస్టు ఉంది. రేపు శుక్రవారం, మా ఆవిడ గుడికి వెళ్తుంది. రోట్లో పచ్చడిబండ కనపడటం లేదు, అదొక్కటే వెతకాలి.